కువైట్‌లో పుట్టిన మనవరాలి పౌరసత్వ పత్రాలు: నెల్లూరు సహాయ కేంద్రంపై నా అభిప్రాయం

నా మనవరాలు కువైట్‌లో పుట్టింది. తల్లిదండ్రులిద్దరూ భారత పౌరులే కనుక అక్కడి జనన ధ్రువపత్రం ఒక్కటి చాలునని ఒక ఏజెంటు చెప్పిన మాట నమ్మి, మేము ఏడు నెలలు ఊరికే గడిపేశాము. 2004 డిసెంబరు 3 నుంచి విదేశాల్లో పుట్టిన బిడ్డల విషయంలో, వారి జననాన్ని ఏడాదిలోగా అక్కడి భారత రాయబార కార్యాలయంలో నమోదు చేయించాలని, గడువు దాటితే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలని, బిడ్డకు వేరే దేశపు పాస్‌పోర్టు లేదని తల్లిదండ్రులు రాతపూర్వకంగా ప్రకటించాలని 1955 నాటి పౌరసత్వ చట్టం చెబుతున్నదని నేను మొదటిసారి విన్నది నెల్లూరు ట్రంకు రోడ్డులోని ఈ చిన్న కేంద్రంలోనే.

అక్కడి అమ్మాయి అరబిక్ ధ్రువపత్రానికి చేయించిన ఇంగ్లీషు అనువాదాన్నీ, మా కోడలి పాస్‌పోర్టు నకలునూ పక్కపక్కన పెట్టి, స్కేలు ఆనించి ఒక్కో అక్షరమూ సరిచూసి, ఇంటిపేరులో ఒక అక్షరం తేడాను పట్టుకున్నది. "ముందు ఇది దిద్దించండి పెదనాయనా, ఆ తర్వాతే దరఖాస్తు" అని నచ్చజెప్పింది. అంత ఓపిక ఈ రోజుల్లో అరుదు. రుసుము ముందే చెప్పి, రసీదు ఇచ్చారు. కూర్చోవడానికి చోటు మాత్రం చాలదు, పెద్దవాళ్లకు మెట్లు కష్టం.

పదకొండో నెలలో నమోదు పూర్తయింది. మా అబ్బాయి పంపిన నకలును మా ఇంటావిడ దేవుడి గూట్లో పెట్టుకున్నది.