లినోకట్టా, ఎచింగా?

బొమ్మల అచ్చులు, అంటే సొంత ప్రింట్లు వేసుకోవాలనుకునే వాళ్లకు మొదట వచ్చే సందేహం ఇదే. లినోకట్ అంటే మెత్తటి లినోలియం షీటును ఉలితో చెక్కి అచ్చు వేయడం. ఎచింగ్ అంటే లోహపు పలక మీద యాసిడ్‌తో గీతలు తొలిచి అచ్చు వేయడం.

ఖర్చు: లినోకు షీటు, రెండు మూడు చిన్న ఉలులు, రోలర్, ఇంకు చాలు. కాగితాన్ని గరిటె వెనకవైపుతో రుద్దినా అచ్చు పడుతుంది. ఎచింగ్‌కు రాగి లేదా జింకు పలక, యాసిడ్, అన్నిటికీ మించి ప్రెస్, అంటే పలకను కాగితానికి గట్టిగా నొక్కే యంత్రం కావాలి. అది కొనే బదులు ఏ ఆర్ట్ కాలేజీ స్టూడియోనో పట్టుకోవడం మేలు.

శ్రమ: లినోలో చెక్కిన చోటు తెల్లగా మిగులుతుంది. ఎచింగ్‌లో పూర్తిగా రివర్స్: ఇంకు గీత గుంటలోనే ఉంటుంది. పలకకు మైనపు పూత పూసి, సూదితో గీసి, యాసిడ్‌లో ముంచుతాం; పూత పోయిన గీతల్లోనే యాసిడ్ తొలుస్తుంది. ఎక్కువసేపు ఉంచితే గీత లోతై నల్లబడుతుంది. అసలు పని తుడవడంలో ఉంది. పల్చటి గుడ్డతో ఇంకు తుడిచి, చివర్లో అరచేత్తో మెల్లగా రాస్తే వెలుగు ఎక్కడ నిలవాలో మన చేతిలోకి వస్తుంది. ఒకే పలకలోంచి రెండు ప్రింట్లు రెండు రకాలుగా వస్తాయి. నాకు నచ్చేది అదే.

రిస్కు: లినోలో చెక్కేసింది తిరిగి రాదు, ఉలి జారితే వేలు తెగుతుంది. ఎచింగ్‌లో తప్పు గీతను గీకి నునుపు చేయొచ్చు. కానీ నైట్రిక్ యాసిడ్ పొగతోనే టెన్షన్. రాగి పలకకు యాసిడ్ బదులు వాడే ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణం కాస్త నయం.

చిత్రకారుడు నందలాల్ బోస్ 1930లో దండి నడకలో ఉన్న గాంధీజీని లినోకట్‌లో చెక్కారు. నలుపు మీద కొద్దిపాటి తెల్ల గీతలు, అంతే. మన తెలుగు చిత్రకారుడు లక్ష్మాగౌడ్ ఎచింగుల్లోని సన్నని గీతలు మాత్రం లినోలో రావు.

పోస్టరు, గ్రీటింగ్ కార్డు, వంటింటి బల్ల మీద పని అయితే లినో. డైరీలా దాచుకునే బొమ్మలు, నీడలు కావాలంటే ఎచింగ్, అదీ ప్రెస్ దొరికితేనే.