సోలార్ పెట్టించుకుంటున్నారా? ప్యానెల్ వెనక స్టిక్కర్ చూడకుండా డబ్బు కట్టకండి

మేడ మీద సోలార్ పెట్టించుకోవాలనుకుంటున్న వాళ్లు దయచేసి ఇది చివరిదాకా చదవండి. మాకు జరిగిన నష్టం ఇంకో ఇంటికి జరగకూడదని రాస్తున్నాను.

మాది కొండపల్లి. డాబా ఎక్కితే ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం పొగగొట్టాలు కనిపిస్తాయి. 1979లో మొదటి యూనిట్ మొదలైన కేంద్రం అది. నా చిన్నతనంలో గాలి ఇటు తిరిగిందంటే చాలు, దండెం మీది తెల్ల చీరకు బూడిద పట్టేది, అమ్మ మళ్లీ తడిపి ఆరేసేది. బొగ్గు కాల్చని కరెంటుతో మా ఇంట్లో దీపం వెలగాలని నాకు ఏళ్లుగా ఉన్న కోరిక. 2024లో ఇంటి మీద సోలార్‌కు కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం వచ్చిందనగానే మా వారిని తొందరపెట్టింది నేనే.

మార్చిలో ఒక ఏజెంటు ఇంటికి వచ్చాడు. సంస్థ పేరు రాయడం లేదు, ఫిర్యాదు ఇంకా తేలలేదు. మూడు కిలోవాట్లకు 1,95,000 రూపాయలు, అందులో 78,000 సబ్సిడీగా వెనక్కి వస్తుంది, ఇకపై బిల్లు సున్నా, బయట కరెంటు పోయినా మీ ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి అన్నాడు. మీటరు ఇంకా మా మామగారి పేరునే ఉంది, ఆయన పోయి ఆరేళ్లయింది, ఫర్వాలేదా అని అడిగితే, అవన్నీ మేం చూసుకుంటాం అన్నాడు. 1,85,000 కట్టేశాం. పది వేలు మాత్రం సబ్సిడీ వచ్చాక ఇవ్వండి అన్నాడు. ఆ మాటతో నమ్మకం ఇంకా పెరిగింది.

ఒక్క రోజులో ఆరు ప్యానెళ్లు బిగించారు. నెట్ మీటరు, అంటే వచ్చే కరెంటునూ వెళ్లే కరెంటునూ విడిగా లెక్కపెట్టే మీటరు, రావడానికి నెల పడుతుంది, ఈలోగా ఎండ వృథా చేయడం దేనికని స్విచ్ ఎత్తి వెళ్లిపోయారు. మాకూ సబబుగానే తోచింది. ఎప్పుడూ 1,400కు అటూ ఇటూగా వచ్చే బిల్లు ఆ నెల 2,600 దాటింది.

కరెంటు ఆఫీసుకు వెళ్లి గొడవపడితే లైన్ ఇన్‌స్పెక్టరు వచ్చారు. మిట్ట మధ్యాహ్నం. ఇంట్లో ఫ్రిజ్‌తో సహా అన్నీ ఆపేయించి, మీటరు దగ్గరికి రమ్మన్నారు. మీటరు మీది చిన్న ఎర్ర దీపం ఆగకుండా మిణుకుమంటోంది. ఇంట్లో ఒక్క బల్బు కూడా వెలగడం లేదు, అయినా యూనిట్లు పడుతున్నాయి! ఆయన చెప్పాకే అర్థమైంది. ఇళ్లలో ఉండే మామూలు మీటర్లు చాలావాటికి లోపలికి వచ్చే కరెంటుకూ బయటికి వెళ్లే కరెంటుకూ తేడా తెలియదు. మన మేడ మీద పుట్టి లైనులోకి వెళ్లిన ప్రతి యూనిట్‌నూ మనమే వాడుకున్నట్టు రాసుకుంటుంది. నెట్ మీటరు పెట్టకముందు స్విచ్ ఎత్తనే కూడదట. మేం ఎండతో కరెంటు తయారుచేసి, దానికి మేమే డబ్బు కట్టాం.

అంతకన్నా పెద్ద దెబ్బ మేడ మీద తగిలింది. డీసీఆర్ ప్యానెళ్లేనా, అంటే ఎండను కరెంటుగా మార్చే సెల్‌తో సహా మన దేశంలోనే తయారైనవేనా, ధ్రువపత్రం ఉందా అని ఆయన అడిగారు. ఆ మాట మేం వినడం అదే మొదటిసారి. పిట్టగోడ పక్కన వెల్లకిలా పడుకుని ఫోను లైటు వేసి ఒక్కొక్క ప్యానెల్ వెనక స్టిక్కరునూ ఫొటో తీశాను. మాకిచ్చిన బిల్లులో రాసిన సీరియల్ నంబర్లలో ఒక్కటీ అక్కడ లేదు. ఈ పథకంలో సబ్సిడీ రావాలంటే ప్యానెల్‌ను ఇక్కడి ఫ్యాక్టరీలో కూర్చితే సరిపోదు, లోపలి సెల్ కూడా మన దేశంలోనే తయారై ఉండాలి. దిగుమతి సెల్‌తో చేసిన ప్యానెల్ చవక. బిల్లులో ఖరీదైనది రాసి, మేడ మీద చవకది బిగించారు. ఏజెంటుకు ఫోను చేస్తే మొదట రేపు అన్నాడు, తర్వాత ఎత్తడమే మానేశాడు.

అందుకే చెబుతున్నాను. ముందుగా మీటరు ఎవరి పేరున ఉందో చూసుకోండి. దరఖాస్తు, బ్యాంకు ఖాతా కూడా ఆ పేరునే ఉండాలి. పేరు మార్పించుకోకుండా పని మొదలుపెట్టొద్దు. పీఎం సూర్యఘర్ జాతీయ పోర్టల్‌లో నమోదైన సంస్థకే పని ఇవ్వండి, దరఖాస్తు మీ ఫోను నంబరుతో మీరే చేయండి. సబ్సిడీ మొదటి రెండు కిలోవాట్లకు 30,000 చొప్పున, మూడో దానికి 18,000. అంతకు మించి రాదు. అది నేరుగా మీ ఖాతాలోనే పడుతుంది, మధ్యలో ఎవరి చేతికీ ఇవ్వక్కర్లేదు. ప్యానెళ్లు పైకి ఎక్కించకముందే, నేల మీద ఉండగానే, నంబర్లు బిల్లుతో సరిచూసి ఫొటోలు తీసుకోండి. బిగించాక వెనక చూడటం ఎంత కష్టమో నా మోచేతులకు తెలుసు. నెట్ మీటరు పెట్టి అధికారులు సరే అనేదాకా కనీసం మూడో వంతు డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి. ఐదేళ్ల నిర్వహణ బాధ్యత వాళ్లదేనని ఒప్పందంలో రాయించుకోండి.

బిల్లు సున్నా అన్న మాట నమ్మకండి, స్థిర ఛార్జీలు ఎలాగూ ఉంటాయి. కరెంటు పోయినా ఫ్యాను తిరుగుతుందన్నది అంతకన్నా పెద్ద అబద్ధం. బ్యాటరీ లేని వ్యవస్థ లైనులో కరెంటు పోగానే తనంతట తానే ఆగిపోతుంది, ఆగిపోవాలి కూడా. లేకపోతే మన మేడ మీది కరెంటు లైనులోకి వెళ్లి, బాగు చేయడానికి స్తంభమెక్కి తీగ ముట్టుకున్న మనిషి ప్రాణం తీస్తుంది. ఈ సంగతి చెప్పకుండా అమ్మేవాణ్ని గడప తొక్కనివ్వకండి.

ఇప్పటికే మోసపోయిన వాళ్లుంటే ఊరుకోకండి. విద్యుత్ సంస్థకు 1912కు, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. మేం రెండూ చేశాం.

సోలార్ వద్దని నేను అనడం లేదు. మా స్విచ్ దించేసి ఉన్నా, ఆ పొగగొట్టాలు చూసినప్పుడల్లా ఇది మన అందరి మేడల మీదికీ రావాలనే అనిపిస్తుంది. మా వీధి చివరి ఇంట్లో నిన్ననే ఇనుప స్టాండ్లు దిగాయి, ప్యానెళ్లు రేపో ఎల్లుండో వస్తాయట. వెళ్లి ఆ అక్కయ్యకు ఇదంతా చెప్పాను. పెట్టెలు విప్పేటప్పుడు నన్ను పిలవమన్నాను.