సాంటా ఫేకి రైల్లో: సౌత్‌వెస్ట్ చీఫ్, దాన్ని కాపాడిన సెనేటర్లు, మమ్మల్ని ముంచిన మోటల్

సాంటా ఫే చూడాలనుకునేవాళ్ళు విమానం టికెట్ కొనేముందు ఇది చదవండి. షికాగో పక్కన మా నేపర్విల్ స్టేషన్‌లో మధ్యాహ్నం సౌత్‌వెస్ట్ చీఫ్ అనే రైలు ఎక్కి, మర్నాడు మధ్యాహ్నానికి న్యూ మెక్సికోలోని లామీలో దిగాం. ఈ దేశంలో ఇంత తృప్తినిచ్చిన ప్రయాణం నాకు ఇంకోటి లేదు. దిగాక దొరికిన మోటల్ మాత్రం ఆ తృప్తినంతా పాడుచేయాలని చూసింది. దాని సంగతి తర్వాత.

అమ్మానాన్నలకు రూమెట్, అంటే ఇద్దరు పడుకునే చిన్న గది, 684 డాలర్లు, నాకు మామూలు సీటు 127. రూమెట్ వాళ్ళకు భోజనాలు టికెట్లోనే కలిసి ఉంటాయి. 65 దాటినవాళ్ళకు ఇక్కడి ప్యాసింజరు రైళ్ళు నడిపే సంస్థ ఆమ్‌ట్రాక్ సీటు చార్జీలో 10 శాతం తగ్గింపు ఉందని తెలిసి నాన్న ముఖం కాస్త మారింది. మన దగ్గర వృద్ధులకు మగవాళ్ళయితే 40, ఆడవాళ్ళయితే 50 శాతం ఉండేది, 2020 మార్చిలో తీసేశారు, మళ్ళీ ఇవ్వలేదు. నాన్న కాజీపేటలో పీడబ్ల్యూఐగా, అంటే పట్టాలు చూసుకునే రైల్వే ఇన్‌స్పెక్టరుగా, రిటైరయ్యారు. ఆయనకు పాసులున్నాయి. బాధ అత్తయ్యల గురించి, ఊళ్ళోవాళ్ళ గురించి. అమ్మ మాత్రం అలిగి ఉంది. ఆమెకు పిట్స్‌బర్గ్ గుడికి వెళ్ళాలని.

రైల్లో రాత్రి భోజనం గురించి చెప్పకుండా ఉండలేను. సీటు ప్రయాణికులు డైనింగ్ కారులో తినాలంటే 45 డాలర్లు కట్టాలన్నారు. అమ్మానాన్నలతో కూర్చోవాలని కట్టాను. తెల్ల గుడ్డ పరిచిన బల్ల, నలుగురికి ఒక బల్ల, కాబట్టి ఎవరో ఒకరు మీ ఎదురుగా కూర్చుంటారు. నాన్నకు చేప, అమ్మకు కూరగాయల పాస్తా, చివర్లో చీజ్‌కేక్. చేప అక్కడే పొయ్యి మీద చేసినదని తినగానే తెలిసింది. అమ్మ పులిహోర డబ్బా తెరవనేలేదు.

మా బల్ల దగ్గర నాలుగో మనిషి కొలరాడోలోని ట్రినిడాడ్ ఊరి పెద్దావిడ, బడిపంతులుగా పనిచేసి విరమించారు. ఈ వంట ఎందుకుందో, పక్క రైళ్ళలో ఎందుకు లేదో ఆవిడే మొదలుపెట్టారు. 2012లో ప్రతినిధుల సభ రవాణా కమిటీ అధ్యక్షుడు జాన్ మైకా, రైల్లో 9.50 డాలర్లకు అమ్మే చీజ్‌బర్గర్ మీద ఖర్చు 16 డాలర్లు దాటుతోందని విచారణ పెట్టాడు. 2015 చివర్లో వచ్చిన రవాణా చట్టంలో, తిండి మీద నష్టం ఐదేళ్ళలో సున్నా కావాలని రాశారు. 2019 అక్టోబరు నాటికి తూర్పు వైపు రాత్రి రైళ్ళలో వండి వడ్డించడం పోయి, ముందే వండినదాన్ని వేడిచేసి ఇవ్వడం వచ్చింది. కొవిడ్‌లో పడమటి రైళ్ళకూ అదే గతి పట్టింది. వీటిలో 2021 జూన్‌లో వంట తిరిగొచ్చింది. అదే ఏడాది నవంబరులో మౌలిక సదుపాయాల చట్టం ఆ నష్టాల నిబంధననే ఎత్తేసింది. నా పళ్ళెంలోకి వేడి చేప రావాలో, అట్టపెట్టె రావాలో వాషింగ్టన్‌లో ఓటు వేసి తేల్చారన్నమాట.

రాత్రి మిస్సోరీ, కాన్సాస్ నిద్రలో గడిచిపోయాయి.

తెల్లవారాక నాన్న అద్దాల లౌంజ్ బోగీలోంచి కదల్లేదు. లా హుంటా దాటాక మైదానం అయిపోయి కొండలు మొదలయ్యాయి. ఆయన కొండలు చూడటం లేదు, చెవులు రిక్కించి కూర్చున్నారు. "పట్టా మార్చిండ్రు బిడ్డా, జాయింట్ చప్పుడు లేదు చూడు. ఇట్ల మారుమూల లైనుకు ఎవడు పైసలిచ్చిండు?" అన్నారు.

దానికి జవాబు తెలిసిన ఆ ట్రినిడాడ్ ఆవిడ రెండు వరసల అవతలే ఉన్నారు. ఈ పట్టాల్లో చాలా భాగం బీఎన్‌ఎస్‌ఎఫ్ అనే గూడ్సు కంపెనీవి. రటోన్ కనుమ మీదుగా దాని గూడ్సు బళ్ళు దాదాపు పోవు, కాబట్టి ఈ ఒక్క ప్యాసింజరు రైలు కోసం లైనంతా బాగుచేసే ఆసక్తి దానికి లేదు. పట్టాలు పాతబడి వేగం తగ్గించే పరిస్థితి వచ్చింది. కాన్సాస్, కొలరాడో, న్యూ మెక్సికోల చిన్న ఊళ్ళు, కౌంటీలు తలా కొంత వేసుకుని, రాష్ట్రాలను కలుపుకుని, 2014 నుంచి కేంద్ర రవాణా శాఖ గ్రాంట్లు తెచ్చుకున్నాయి. అతుకుల్లేని వెల్డింగ్ పట్టాలు అలా వచ్చాయి.

అయినా 2018లో ఆమ్‌ట్రాక్ యాజమాన్యం డాడ్జ్ సిటీ నుంచి ఆల్బకర్కీ దాకా రైలు తీసేసి బస్సులు వేసే ఆలోచన బయటపెట్టింది. అప్పటి అధిపతి రిచర్డ్ ఆండర్సన్ డెల్టా విమాన సంస్థ నుంచి వచ్చినవాడు. కాన్సాస్ రిపబ్లికన్ జెర్రీ మోరన్, పాట్ రాబర్ట్స్, కొలరాడో రిపబ్లికన్ కోరీ గార్డ్‌నర్, డెమొక్రాట్ మైకేల్ బెనెట్, న్యూ మెక్సికో డెమొక్రాట్లు టామ్ యుడాల్, మార్టిన్ హైన్‌రిక్ కలిసికట్టుగా అడ్డుపడ్డారు. బస్సులు కుదరవు, రైలే నడవాలని ఖర్చుల బిల్లుకు సవరణ పెడితే సెనేట్‌లో 95–4తో గెలిచింది. పార్టీలు వేరైనా మూడు రాష్ట్రాలవాళ్ళు ఒక రైలు కోసం ఒకే మాట మీద నిలబడ్డారు. తమ ఊరివాళ్ళు సభలకు ఎలా కదిలి వెళ్ళారో చెబుతూ ఆవిడ గొంతు పెంచారు. విమానాశ్రయం దూరం, చలికాలంలో కనుమ రోడ్డు మూసేస్తారు, పెద్దాసుపత్రికి ఇదే దారి.

నాన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. కాజీపేటకు ఇస్తామన్న కోచ్ ఫ్యాక్టరీ 1980లలో కపుర్తలకు తరలిపోయినప్పటి కోపం ఆయనలో ఇంకా ఉంది. 2014 విభజన చట్టంలో మళ్ళీ కోచ్ ఫ్యాక్టరీ మాట రాశారు, 2023 జూలైలో ప్రధాని వచ్చి వ్యాగన్ల తయారీ కేంద్రానికి శంకుస్థాపన చేశారు. నలభై ఏళ్ళలో అన్ని పార్టీల ఎంపీలూ ఒక్కసారైనా ఇలా కలిసి పట్టుబట్టి ఉంటే అన్నది ఆయన ప్రశ్న. నాదీ అదే.

అమెరికాలోనూ అందరికీ ఇదే అదృష్టం పట్టలేదు. 1979లో కార్టర్ ప్రభుత్వ కోతల్లో షికాగో–హ్యూస్టన్ లోన్‌స్టార్ రైలు పోయింది, కాన్సాస్‌లోని విచిటాకు ప్యాసింజరు రైలు ఆ తర్వాత రానే లేదు. 1981లో ఆగిన కార్డినల్ రైలుని వెస్ట్ వర్జీనియా సెనేటర్ రాబర్ట్ బర్డ్ పట్టుబట్టి 1982 జనవరిలో మళ్ళీ పట్టాలెక్కించాడు, కానీ అది వారానికి మూడు రోజులే. మీ ఊరి నుంచి గట్టిగా అడిగేవాడు ఉంటే రైలు, లేకపోతే బస్సు. ఇది నాకు నచ్చదు. జనం రైలెక్కుతున్నారా లేదా అన్నదే కొలమానం కావాలి.

లామీ చాలా చిన్న స్టేషన్. సాంటా ఫేకి కారు ముందే మాట్లాడుకోవాలి, మా ముగ్గురికి 66 డాలర్లయింది. ఇక మోటల్. పేరు రాయను. బుక్ చేసినప్పుడు రాత్రికి 118. కౌంటర్ దగ్గర "సౌకర్యాల రుసుం" అని రాత్రికి 25, పార్కింగ్ అని 12. మాకు కారే లేదు! ఆ మాటంటే కౌంటర్లోని కుర్రాడు తలెత్తకుండా "అందరికీ ఉంటుంది" అన్నాడు. హీటర్ పనిచేయదు. సముద్రమట్టానికి ఏడువేల అడుగుల ఎత్తున్న ఊళ్ళో రాత్రి చలి ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. నాన్న స్వెటరు మీద కోటు వేసుకుని పడుకున్నారు. ఇంకో గది అడిగితే లేదన్నారు, పార్కింగ్‌లో మూడు కార్లున్నాయి. ఉచిత అల్పాహారం అంటే ప్లాస్టిక్ కవర్లో మఫిన్. పార్కింగ్ డబ్బులు మాత్రం పోట్లాడి వెనక్కి తెచ్చుకున్నాను. ఊరి నడిబొడ్డున ప్లాజా దగ్గర గది ముప్పై, నలభై డాలర్లు ఎక్కువైనా అక్కడే దిగండి.

అమ్మ అలక తీరింది మిరపకాయ వల్ల. ఇక్కడ ఏం తిన్నా "ఎరుపా, ఆకుపచ్చా?" అని అడుగుతారు. ఏ రంగు మిరప పులుసు కావాలని అర్థం, రెండూ కావాలంటే "క్రిస్మస్" అనాలి. నీలి మొక్కజొన్న రొట్టెలతో కాల్చిన పచ్చిమిరప పులుసు 14 డాలర్లు. అమెరికాలో తనకు కారం తగిలిన మొదటి భోజనం అని అమ్మ రెండోసారి పోయించుకుంది. శాకాహారులు ఒకటి గుర్తుంచుకోండి: ఆ పులుసులో పంది మాంసం వేయడం మామూలే, అడిగి తినండి.

తిరుగు విమానానికి ఆల్బకర్కీ దాకా రైల్ రన్నర్ అనే లోకల్ రైలు ఎక్కాం. ఇదీ ఒక రాజకీయ నాయకుడి పట్టుదలే. గవర్నర్ బిల్ రిచర్డ్‌సన్ హయాంలో 2006లో మొదలై 2008 డిసెంబరులో సాంటా ఫే చేరింది. శుభ్రంగా ఉంది, వేళకు వచ్చింది. తలుపులు మూసుకునేటప్పుడు పిట్ట అరుపులా "బీప్ బీప్" అంటుంది, అమ్మ ప్రతి స్టేషన్‌లో దానికోసం ఎదురుచూసింది.

వెళ్ళేవాళ్ళకు: పెద్దవాళ్ళుంటే కింది అంతస్తు రూమెట్ అడగండి, మెట్లు ఇరుకు. పెరుగన్నం తీసుకెళ్ళండి. ట్రినిడాడ్, రటోన్ మధ్య నిద్రపోవద్దు. అమెరికా పౌరసత్వం ఉన్నవాళ్ళు, మీ రైలు కోత జాబితాలోకి ఎక్కకముందే మీ సెనేటర్ ఆఫీసుకు ఫోన్ చేసి పెట్టండి.