బెల్ ఎక్స్ వన్: పదహారేళ్లుగా వింటున్నవాడి మాట

2009లో చదువుకోడానికి డబ్లిన్‌లో దిగాను. ఐర్లండ్ అప్పుడు మాంద్యంలో పీకల్దాకా మునిగి ఉంది. పార్ట్‌టైమ్ పని దొరకడమే గగనం. చివరికి ఓ రెస్టారెంట్ వంటింట్లో గిన్నెలు తోమే పని దొరికింది. అక్కడ అలమార మీద జిడ్డు పట్టిన రేడియో ఒకటి ఉండేది. అందులో రోజుకి రెండుసార్లైనా ఒకే పాట వచ్చేది, బెల్ ఎక్స్ వన్ అనే ఐరిష్ బ్యాండు పాడిన ‘ద గ్రేట్ డిఫెక్టర్’. చేతులు సబ్బు నీళ్లలో ఉన్నా కాలు దానంతటదే తాళం వేసేది. పక్కన సలాడ్ తరిగే ఆవిడ "వీళ్లు మా కిల్డేర్ కుర్రాళ్లు, తెలుసా" అని, సొంత తమ్ముడికి ర్యాంకు వచ్చినంత గొప్పగా చెప్పేది.

అక్కణ్ణుంచి మొదలుపెట్టి వీళ్ల స్టూడియో ఆల్బమ్‌లు ఎనిమిదీ విన్నాను. కొన్నిటిని అరగదీశాను, ఒకటి రెండు బలవంతాన విన్నాను.

వీళ్ల ఊరు కిల్డేర్ కౌంటీలోని సెల్‌బ్రిడ్జ్, డబ్లిన్‌కి పడమట లిఫీ నది ఒడ్డున చిన్న పట్నం. డబ్లిన్ శివారు లూకన్‌లో ఉన్నప్పుడు 67 నంబరు బస్సెక్కి ఓ ఆదివారం ఊరికే వెళ్లి చూసొచ్చాను. ఒక వంతెన, ఒక మెయిన్ స్ట్రీట్, అంతే. 1990లలో అక్కడి కుర్రాళ్లు ‘జూనిపర్’ అని బ్యాండు పెట్టారు. పాడేది డేమియన్ రైస్, డ్రమ్స్ మీద పాల్ నూనన్. పాలీగ్రామ్ అనే రికార్డు కంపెనీతో ఒప్పందం కుదిరాక, కంపెనీ అడిగిన తరహాలో పాటలు చేయడం నచ్చక రైస్ వెళ్లిపోయాడు. మిగిలినవాళ్లలో డ్రమ్మరే లేచి మైకు పట్టుకున్నాడు. మొట్టమొదటగా ధ్వని వేగాన్ని దాటిన విమానం బెల్ ఎక్స్ వన్ పేరు తెచ్చి బ్యాండుకి పెట్టుకున్నారు.

జూనిపర్ రోజుల నాటి ‘వాల్కనో’ అనే పాటను విడిపోయాక ఇద్దరూ రికార్డు చేశారు. బెల్ ఎక్స్ వన్‌ది 2000లో వచ్చిన ‘నీదర్ ఆమ్ ఐ’ ఆల్బమ్‌లో ఉంది, రైస్‌ది 2002లో వచ్చిన ‘ఓ’ అనే ఆల్బమ్‌లో. రెండూ వెంటవెంటనే వినండి. రైస్ పాటలో చెల్లో మూలుగుతూ ఉంటే గాయని లీసా హానిగన్ గొంతు వెనకనుంచి వచ్చి అడ్డం తిరుగుతుంది. ఉమ్మడి ఆస్తి పంచుకున్న అన్నదమ్ముల్లో ఒకడు తన వాటాతో మేడ కట్టాడు, ఇంకొకడు పాత ఇంటికే సున్నం కొట్టుకున్నాడు. ఈ పాట వరకు నా ఓటు రైస్‌కే. అయినా రైస్ పాటలు వరసగా గంటసేపు వినలేను. వీళ్లని రోజంతా వినగలను.

‘మ్యూజిక్ ఇన్ మౌత్’, ‘ఫ్లాక్’ ఆల్బమ్‌లు ‘ఐలాండ్’ అనే పెద్ద కంపెనీ పేరు మీద వచ్చాయి. మొదటిదాంట్లోని ‘ఈవ్, ద యాపిల్ ఆఫ్ మై ఐ’ అమెరికన్ సీరియల్ ‘ది ఓ.సి.’లో వినపడింది. 2005లో వచ్చిన ‘ఫ్లాక్’ ఐర్లండ్ చార్టులో మొదటి స్థానానికెక్కింది. ఆ తర్వాత వీళ్లు కంపెనీ గొడుగు వదిలేసి సొంత లేబుల్, అంటే పాటలు విడుదల చేసే సంస్థ, పెట్టుకున్నారు. దాని పేరు ‘బెల్లీఅప్’. దివాలా తీయడాన్ని ఇంగ్లీషులో అలాగే అంటారు. కొత్తగా కొట్టు తెరిచి ‘దివాలా స్టోర్స్’ అని బోర్డు కట్టినట్టన్నమాట. ఆ చమత్కారానికే సగం మార్కులు వేస్తాను.

సొంత లేబుల్ అంటే ఏమిటో మిర్చి రైతుల ఇళ్లలో పుట్టినవాళ్లకి ఎక్కువ చెప్పనక్కర్లేదు. కమిషన్ కొట్టు దగ్గర అడ్వాన్సు తీసుకుంటే పంట అక్కడికే తోలాలి, బాకీ తీరాకే చేతికి డబ్బు. పెద్ద లేబుల్ లెక్క కూడా దాదాపు అదే. పైగా రికార్డింగ్ మీద హక్కు మామూలుగా వాళ్లదే. సొంతంగా అయితే స్టూడియో ఖర్చు నీది, నష్టం నీది, పాట కూడా నీదే. అమెరికాలో ‘యెప్ రాక్’ అనే లేబుల్ ద్వారా అమ్మారు. నేను గిన్నెలు తోముతూ విన్న పాట ఈ సొంత సేద్యంలో పండిందే. 2009లో అదే పాట అమెరికన్ టీవీలో లెటర్‌మన్ షోలోనూ వాయించారు.

వాడకంలో ఏది ఎలా ఉందంటే, ‘ఫ్లాక్’ ఇప్పటికీ గట్టిది. అందులో ‘రాకీ టుక్ ఎ లవర్’ రోడ్డు మీద బతికే జంట గురించి. జాలి పిండకుండా, మన ముందే నిలబడి కబుర్లు చెబుతున్నట్టు ఉంటుంది. ‘బ్లూ లైట్స్ ఆన్ ద రన్‌వే’ చలికాలం రాత్రి బస్సుకి పెట్టింది పేరు. 2011లో వచ్చిన ‘బ్లడ్‌లెస్ కూ’ మాత్రం నాకెక్కలేదు. మెషీన్ శబ్దాలు ఎక్కువై, పాట ఎక్కడో వెనక బెంచీలో కూర్చున్నట్టుంటుంది. నాలుగేళ్లు ఆగి మళ్లీ విన్నా అదే అభిప్రాయం.

2013 నాటి ‘చాప్ చాప్’ అందుకు పూర్తిగా ఎదురు. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలోని బ్రిడ్జ్‌పోర్ట్‌లో, పీటర్ కేటిస్, థామస్ బార్ట్‌లెట్ నిర్మాణంలో చేశారు. పియానో ముందుకొచ్చింది, చెత్త తగ్గింది. మా అమ్మాయి పుట్టిన కొత్తల్లో రాత్రి రెండింటికి ఎత్తుకుని తిప్పుతూ ‘స్టార్లింగ్స్ ఓవర్ బ్రైటన్ పియర్’ చిన్న సౌండ్‌లో పెట్టేవాణ్ణి. మా ఆవిడ "దానికి ఏ జోలపాటో పాడొచ్చుగా" అనేది. నిద్రపోయిందిగా, ఇంకేం కావాలి.

ఇక కంప్లయింట్లు. నూనన్‌కి మాటలతో ఆడుకునే జబ్బుంది. కొన్నిసార్లు పద్యం మధ్యలో జోకు పేల్చి, పట్టుకున్న బరువంతా జారవిడుస్తాడు. రెండోది ఎదురుచూపులు. 2016లో ‘ఆర్మ్స్’ వచ్చాక ‘మెర్సిఫుల్ అవర్’కి 2023 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ మధ్య ‘డౌరీ స్ట్రింగ్స్’ అనే తీగవాద్యాల బృందంతో కచేరీలు చేశారు. ఆ పేరు విని మా ఇంట్లో "ఎంత ఇచ్చారట కట్నం" అని నవ్వుకున్నాం. మూడోది, పాత సీడీలు దొరక్క నేను పడ్డ పాట్లు. ‘నీదర్ ఆమ్ ఐ’ కోసం ఒక పాత సామాన్ల దుకాణంలో డబ్బులిచ్చి ఇంటికొచ్చి చూస్తే, డబ్బా వీళ్లది, లోపల డిస్కు పిల్లల క్రిస్మస్ పాటలది.

ఆ లోటంతా కచేరీలో తీరుతుంది. థామస్ స్ట్రీట్‌లో వికార్ స్ట్రీట్ అని హాలుంది. బాల్కనీలో కూర్చున్నా స్టేజీ మీద వాళ్ల ముఖాలు కనపడతాయి. ఓ డిసెంబర్‌లో అక్కడ వీళ్లని చూశాను. ‘ఈవ్’ మొదలవగానే నా పక్కన యాభై దాటిన పెద్దమనిషి ఒకాయన బీరు గ్లాసు కింద పెట్టి, కళ్లు మూసుకుని, ప్రతి మాటా పెదాలతో పలికాడు. గొంతు బయటికి రానివ్వలేదు. బయటికొచ్చేటప్పుడు గుమ్మం దగ్గర బల్ల మీద టీషర్టులు, సీడీలు. నేను తీసుకున్న సీడీ అట్ట వెనక ‘బెల్లీఅప్’ అని చిన్న అక్షరాలతో ఉంది. ఇచ్చిన నోటు ఎవరి జేబులోకి వెళుతుందో తెలిసి కొనడంలో ఓ తృప్తి ఉంది.

కొత్తగా వినాలనుకుంటే ‘ఫ్లాక్’తో మొదలుపెట్టి ‘చాప్ చాప్’కి వెళ్లండి, మిగతావి తర్వాత చూసుకోవచ్చు. నా ‘ఫ్లాక్’ సీడీ మాత్రం అడక్కండి. మొదటిది ఓ రూమ్మేట్‌కి ఇచ్చాను, అతను దాంతో సహా కెనడా వెళ్లిపోయాడు.