ఫోర్ట్ రాస్ నుంచి గేరీ వీధి దాకా: కాలిఫోర్నియాలో రష్యన్ మాట వినిపించే చోట్లు

శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన సముద్రపు ఒడ్డున ఒకప్పుడు రష్యన్లు కట్టిన ఫోర్ట్ రాస్ చూడదగ్గ చోటేనా అని బే ఏరియాలో (శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల) ఎవరైనా అడిగితే, ఏ రోజు వెళ్తున్నారని నేను ఎదురు ప్రశ్న వేస్తాను. మామూలు రోజున వెళ్తే ఒక చెక్క కోట, లోపల కొన్ని చెక్క ఇళ్ళు, అవతల సముద్రం. గంటలో చూసేయొచ్చు. పిల్లలు ఫిరంగి పక్కన ఫోటో దిగి ఆకలంటారు. పండగ రోజునో, చర్చిలో ప్రార్థన ఉన్న రోజునో వెళ్తే మాత్రం సాయంత్రం దాకా కదలబుద్ధి కాదు. ఎందుకంటే అక్కడ చూడాల్సింది కోట కంటే ఎక్కువగా దాన్ని ఇన్నాళ్ళూ పడిపోకుండా చూసుకుంటున్న మనుషుల్ని.

చరిత్ర కొంచెం తెలిసి వెళ్తే మంచిది. 1812లో రష్యన్-అమెరికన్ కంపెనీ తరఫున ఇవాన్ కుస్కోవ్ 25 మంది రష్యన్లతో, 80 మంది అలాస్కా మూలవాసులతో ఇక్కడికొచ్చి కోట కట్టాడు. అప్పట్లో రష్యా చేతిలో ఉన్న అలాస్కాలోని తమ స్థావరాలకు ధాన్యం పండించి పంపడం, సీ ఆటర్లనే సముద్ర జంతువులను వేటాడి తోళ్ళు అమ్ముకోవడం వాళ్ళ పని. వేటంతా చేసింది అలాస్కా వాళ్ళే. నేల కషాయా పోమో అనే ఇక్కడి మూలవాసుల తెగది. ఈ చోటును వాళ్ళు మెటీని అంటారు. సీ ఆటర్లు తగ్గిపోయి, మంచు పొగ తగిలే ఈ గట్టు మీద పంట గిట్టుబాటు కాక, 1841లో కోటను జాన్ సట్టర్ అనే భూస్వామికి అమ్మేసి రష్యన్లు వెళ్ళిపోయారు. ఏడేళ్ళకే ఆ సట్టర్ రంపపు మిల్లు దగ్గర బంగారం బయటపడింది. బేరం ఎవరికి కలిసొచ్చిందో చెప్పడం కష్టం, ఎందుకంటే ఆ బంగారం కోసం ఎగబడ్డ జనం సట్టర్ భూముల్ని ఆక్రమించి అతన్నే ముంచేశారు.

నాకు ఆసక్తిగా అనిపించేది ఆ తర్వాతి కథ. కోట పశువుల పెంపకందార్ల చేతుల్లోకి వెళ్ళింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో రాష్ట్రం తీసుకుంది. 1906 భూకంపంలో చర్చి కూలింది, మళ్ళీ నిలబెట్టారు. 1970లో కాలిపోయింది, మళ్ళీ కట్టారు. మంటల్లో కరిగిపోయిన గంటను ఆ లోహంతోనే మళ్ళీ పోత పోయించారు. ఇప్పుడున్నవాటిలో రష్యన్ల కాలం నాటి కట్టడమని చెప్పదగ్గది రోచెవ్ ఇల్లు ఒక్కటే, మిగతావి మళ్ళీ కట్టినవి. రోచెవ్ ఈ కోటకు చివరి మేనేజరు. ఆ ఇంట్లోకి వెళ్ళకుండా మాత్రం వెనక్కి రావద్దు.

2009లో కాలిఫోర్నియా ఖజానా ఖాళీ అయినప్పుడు మూసేయాలనుకున్న పార్కుల్లో ఇదీ ఉంది. రష్యా రాయబారి గవర్నరుకు ఉత్తరం రాశాడు, మరుసటి ఏడాది ఒక రష్యన్ వ్యాపార సంస్థ డబ్బు సాయానికి ఒప్పందం చేసుకుంది. 2012లో రెండొందల ఏళ్ళ పండగకు రష్యా నుంచి చెక్క గాలిమర బహుమతిగా వచ్చింది. పార్కింగ్ దగ్గరే కనిపిస్తుంది. దేశాల మధ్య సంబంధాలు ఆ తర్వాత ఎటు పోయాయో అందరికీ తెలుసు. డబ్బిచ్చే పెద్దవాళ్ళు వస్తారు, పోతారు. కోటను రోజూ తుడిచి తాళం వేసేది స్థానిక కాన్సర్వెన్సీ (సంరక్షణ సంస్థ) వాళ్ళు, పార్కు ఉద్యోగులు, వాలంటీర్లు.

నేను చూసిన పండగలో సరఫాన్ అనే పాతకాలపు రష్యన్ గౌను వేసుకున్న ఒక అమెరికన్ పెద్దావిడ వాలంటీరుగా నిలబడి ఆనాటి వంట గురించి చెబుతోంది. శాక్రమెంటో నుంచి వచ్చిన రష్యన్ ఆడవాళ్ళు ఇద్దరు కాసేపు విని, ఇక ఆగలేక ఆవిడ తలగుడ్డ ముడి విప్పి సరిగ్గా కట్టారు. ఆవిడ నవ్వుతూ కట్టించుకుంది. తర్వాత చాలాసేపు ఆ ముగ్గురూ కుండ చుట్టూనే నిలబడి, సగం ఇంగ్లీషులో సగం రష్యన్‌లో బీట్‌రూట్ గురించి వాదించుకున్నారు. ప్రదర్శనకారుల్లో కూడా ఇదే కలగలుపు. స్లావ్యాంకా అనే కోరస్ ఉంది, 1979లో ఇక్కడి అమెరికన్లు మొదలుపెట్టుకున్నది. పుట్టి పెరిగింది కాలిఫోర్నియా అయినా పాడేది రష్యన్ పాటలు. బడి పిల్లలకు ఇంకో కార్యక్రమం ఉంది. ఆనాటి కోటలో బతికిన వాళ్ళ పాత్రలు తీసుకుని, ఆ బట్టలేసుకుని, వండుకు తిని, రాత్రి వంతులవారీగా కాపలా కాసి అక్కడే పడుకుంటారు. మన చరిత్ర పాఠాలకు ఇలాంటి అవకాశం గోల్కొండలోనో కొండపల్లిలోనో ఉంటే ఎంత బావుండు.

చర్చిలో ప్రార్థనలు మెమోరియల్ డే (మే ఆఖరి సోమవారం) రోజున, జూలై 4న జరుగుతాయి. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి మతగురువులు, కుటుంబాలు వస్తాయి. చర్చి చాలా చిన్నది, చాలామంది గడ్డి మీదే నిలబడతారు. ఆకురాలు కాలంలో జరిగే పంటల పండగలో రష్యన్ల పాత తోటలో యాపిల్స్ కోసుకోవచ్చు.

సౌకర్యాల మాట. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి రెండున్నర గంటలు. ఆఖరి పదకొండు మైళ్ళు, అంటే జెన్నర్ దాటాక, కొండ అంచున మెలికల రోడ్డు. వాంతుల బెడద ఉన్నవాళ్ళు ముందే మాత్ర వేసుకోవాలి. పెట్రోలు బొడేగా బేలో నింపుకోండి. ఫోను సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు. కోట దగ్గర భోజనం దొరకదనే అనుకుని పులిహోర కట్టుకెళ్ళాలి. జూలై కదా అని పల్చటి చొక్కాల్లో వెళ్తే గాలికి వణికిపోతారు. పార్కు తెరిచి ఉండే రోజులు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు ఒకసారి చూసుకోండి. సందర్శకుల భవనం, మరుగుదొడ్లు శుభ్రంగా ఉన్నాయి.

రాత్రి బసకు మూడు దారులున్నాయి. జెన్నర్ దగ్గర మేం దిగిన ఒక చిన్న సత్రంలో నది సముద్రంలో కలిసే చోటు కిటికీలోంచే కనిపిస్తుంది, ఆ సంగతి ఒప్పుకోవాలి. కానీ హీటర్ రాత్రంతా గరగరమంది, పొద్దున రిసెప్షన్‌లో ఎవరూ లేరు, అద్దె మాత్రం నగరం హోటల్‌కి తీసిపోదు. గెర్న్‌విల్‌లో రెడ్‌వుడ్ చెట్ల కింద కాటేజీ తీసుకోవడం పిల్లలున్నవాళ్ళకి నయం. వంటగది ఉంటుంది, సరుకుల షాపు దగ్గరే, ఆర్మ్‌స్ట్రాంగ్ అడవి పక్కనే. టెంటు ఉంటే ఉత్తరాన సాల్ట్ పాయింట్ పార్కు బావుంటుంది. నా ఓటు గెర్న్‌విల్‌కే.

ఇక శాన్‌ఫ్రాన్సిస్కో. ఫోర్ట్ రాస్‌లో ఏడాదికి కొన్ని రోజులే కనిపించేది ఇక్కడ రిచ్‌మండ్ డిస్ట్రిక్ట్‌లో రోజూ ఉంటుంది. 38 నంబరు బస్సెక్కి గేరీ మీద 26వ అవెన్యూ దగ్గర దిగితే ఐదు బంగారు గుమ్మటాల రష్యన్ కెథెడ్రల్ (పెద్ద చర్చి) ఎదురుగానే ఉంటుంది. 1917 విప్లవం తర్వాత చైనాలోని హార్బిన్, షాంఘై వెళ్ళి అక్కడ స్థిరపడిన రష్యన్లు, చైనాలో కమ్యూనిస్టులు వచ్చాక మళ్ళీ మూట కట్టుకున్నారు. వేల మంది 1949లో ఫిలిప్పీన్స్‌లోని తుబబావు దీవిలో గుడారాల్లో గడిపారు. వాళ్ళకు ఆశ్రయం ఇమ్మని వాషింగ్టన్ దాకా వెళ్ళి అడిగిన బిషప్ జాన్ భౌతికకాయం ఈ కెథెడ్రల్‌లోనే ఉంది. 1994లో ఆయన్ను సెయింట్‌గా ప్రకటించారు. లోపల ప్రార్థన అంతసేపూ నిలబడే ఉంటారు, చెప్పులు విప్పక్కర్లేదు. ఆడవాళ్ళు తల మీద చున్నీ వేసుకుంటే బావుంటుంది. ప్రార్థన లేని వేళల్లో తలుపు మూసి ఉండొచ్చు, కాబట్టి వేళ కనుక్కుని వెళ్ళాలి.

బాల్బోవా వీధిలో సిండెరెల్లా బేకరీ 1953 నుంచి ఉంది. శాకాహారులు క్యాబేజీ పిరోష్కీ (కూర నింపిన బన్ను), బంగాళాదుంప వరేనికీ (కుడుముల్లాంటివి) నిశ్చింతగా తినొచ్చు, బీట్‌రూట్ సూపు బోర్ష్ మాత్రం అడిగి తీసుకోవాలి, మాంసం రసంతో చేసే అలవాటు ఎక్కువ. తేనె పొరల కేకు మెదోవిక్ తినకుండా బయటికి రావద్దు. శని, ఆదివారాల్లో క్యూ ఉంటుంది.

గేరీ మీది కిరాణా షాపుల్లో ఒకదానిలో మొదట నాకు మర్యాద దక్కలేదు. కౌంటర్‌లో ఆవిడ ముఖం చూడకుండా చిల్లర విసిరినట్టు పెట్టింది. రెండోసారి నాన్న వెంట ఉన్నారు. గుంటూరులో విశాలాంధ్ర పుస్తకాల షాపులో మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు కొనుక్కుని పెరిగిన మనిషి. ఇంగ్లీషు అంతంతమాత్రం. ఆవిడ వెనక గోడ మీద ఉన్న ఫోటో చూసి "టాల్‌స్టాయ్" అన్నారు. ఆవిడ తలెత్తింది. "చెహోవ్, గోర్కీ" అని వరసపెట్టి చెప్పుకుపోయారు. ఆవిడ చేతులు తుడుచుకుని బయటికొచ్చి నల్ల రొట్టె ముక్క, మీద పుల్లటి క్యాబేజీ పెట్టి ఇచ్చింది. "బావుందమ్మా, మన గోంగూర పులుపు లేదు గానీ" అన్నారు నాన్న తెలుగులో. ఆవిడకేం అర్థమైందో గానీ తలూపి ఇంకో ముక్క కోసింది.

ఇక్కడ రష్యన్ మాట్లాడేవాళ్ళంతా రష్యావాళ్ళనుకోవద్దు. డెబ్బైల నుంచి వచ్చిన సోవియట్ యూదులు, ఉక్రెయిన్‌లోని ఒడెస్సా వాళ్ళు, బెలారూస్ వాళ్ళు చాలామంది. నా ఆఫీసులో ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ నుంచి వచ్చిన స్నేహితుడు ఇంట్లో రష్యనే మాట్లాడతాడు, 2022లో రష్యా ఉక్రెయిన్ మీద దాడి చేశాక ఆ మాటే అతనికి బరువైంది. ఫోర్ట్ రాస్ పండగకు నన్ను మొదట తీసుకెళ్ళింది అతనే, ఇప్పుడు తను రాడు. మాస్కో నుంచి వచ్చిన ఇంకో సహోద్యోగితో మాత్రం ప్రతి శుక్రవారం చెస్ ఆడతాడు, ఇంగ్లీషులో. కొత్తవాళ్ళని పలకరించేటప్పుడు "మీరు రష్యనా" అని అడగడం మానేశాను. ఏ ఊరని అడుగుతాను.

సట్టర్ వీధిలో రష్యన్ సెంటర్ 1939 నాటిది. అందులోనే 1948లో పెట్టిన రష్యన్ సంస్కృతి మ్యూజియం ఉంది. వారంలో కొన్ని గంటలే తెరుస్తారు. వలస వచ్చినవాళ్ళ ఉత్తరాలు, యూనిఫారాలు, ఫోటోలతో గదులు ఇరుకుగా ఉన్నా, నగరంలోని పెద్ద మ్యూజియాల కంటే ఇక్కడే నేను ఎక్కువసేపు ఆగాను.

ఫోర్ట్ రాస్‌నీ రిచ్‌మండ్‌నీ ఒకే రోజులో పెట్టుకోవద్దు. నగరానికి ఒక శనివారం సరిపోతుంది, పొద్దున మ్యూజియం, తర్వాత బేకరీ, సాయంత్రం కెథెడ్రల్‌లో ప్రార్థన. కారు తీసుకెళ్ళకండి, పార్కింగ్ వెతకడానికి పట్టే టైములో బస్సు రెండుసార్లు తిరిగొస్తుంది.