ఏడేళ్లు వాడాక ఫోర్ వీల్ డ్రైవ్: ఆ పొట్టి రాడ్‌తో నా గొడవ

గేరు రాడ్ పక్కన ఇంకో పొట్టి రాడ్ ఉంటుంది చూశారా, నేను రాసేదంతా దాని గురించే. అది టూ హైలో ఉంటే వెనక రెండు చక్రాలే లాగుతాయి, ఫోర్ హైలో నాలుగూ మామూలు వేగంతో లాగుతాయి, ఫోర్ లోలో నాలుగూ నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగుతాయి. ఇంజనెంత, సీట్లెన్ని, ఏసీ ఎలా పనిచేస్తుంది అనేవి ఎవరినడిగినా చెప్తారు. బండి పేరు కూడా చెప్పను, ఎందుకంటే తప్పు బండిది కాదు, చాలావరకు నాదే. కొంత నాకు బండి అమ్మిపెట్టిన బ్రోకర్‌ది.

నాది సెకండ్ హ్యాండ్ డీజిల్ జీపు. ఉండేది నర్సీపట్నంలో. చింతపల్లి, జీకే వీధి వైపు లోపలి ఊళ్లలో కాఫీ, మిరియాలు కొని కిందికి దించుకోవడం నా పని. తారు రోడ్డు దిగాక ఎర్రమట్టి, గులకరాళ్లు, రెండు మూడు గెడ్డలు, అంటే వాగులు, దాటాలి. మామూలు బండితో ఒక వానాకాలం చేసి, ఇక నావల్ల కాదని దీన్ని కొన్నాను.

ముందు మెచ్చుకోలు. ఫోర్ లో అనేది ఎక్కడానికే అనుకునేవాణ్ణి. అసలు మజా దిగడంలో ఉంది. కొండవాలున ఒక ఊరి నుంచి దిగే దారి ఉంది, వానకి కోసుకుపోయి మెట్లు మెట్లుగా ఉంటుంది. వెనక పది బస్తాలు. మొదటిసారి బ్రేకు నొక్కుతూ దిగితే వెనక చక్రాలు బిగుసుకుని బండి పక్కకి జారింది, ప్రాణం గొంతులోకొచ్చింది. తర్వాతి వారం పైనే ఆపి, క్లచ్ నొక్కి, న్యూట్రల్ దాటించి ఫోర్ లో వేసి, మొదటి గేరులో వదిలాను. రెండు కాళ్లూ పెడల్స్ మీదనుంచి తీసేశాను. ముసలావిడ గోడ పట్టుకుని మెట్లు దిగినట్టు బండి తనంతట తనే దిగింది. లో వేస్తే నా బండిలో చక్రాల వేగం దాదాపు రెండున్నర రెట్లు తగ్గుతుంది, ఇంజనే పట్టి ఉంచుతుంది. కాకపోతే ఆ టైములో అలవాటు కొద్దీ క్లచ్ మీద కాలు వేశామా, అంతే సంగతులు. పట్టు వదిలేసి దొర్లుతుంది.

ఇప్పుడు గొడవ సంగతి. బండి ఇచ్చేటప్పుడు బ్రోకర్ చెప్పిన మాట ఒక్కటే: “ఘాట్ అంటే ఫోర్ వీల్ వేసెయ్యండి సార్, గ్రిప్ ఉంటుంది.” నేను వేదవాక్కు అనుకున్నాను. మాన్యువల్ లేదు, పాత ఓనర్ ఎక్కడో పారేశాడట.

కొన్న ఏడాదే డిసెంబరు నెల, కాఫీ దింపే సీజను. లోపల బురదలో ఫోర్ హై వేసి తారు ఎక్కాను. తియ్యలేదు. లంబసింగిలో మంచు, ముందు బండి వెనక లైటు తప్ప ఏం కనబడటం లేదు. ఫోర్ వీల్లో ఉంటేనే మేలనుకున్నాను. ఘాట్ సగం దిగేసరికి ఎండొచ్చింది, రోడ్డు ఎండిపోయింది. మలుపు తిప్పినప్పుడల్లా స్టీరింగు మొండికేస్తోంది. తిప్పి వదిలితే తిరిగి రావడం లేదు. ముందు టైర్లు కీచుమంటున్నాయి. లోడు ఎక్కువైందేమో అనుకున్నాను. డౌనూరు దాకా వచ్చి టీ కొట్టు ముందు వెనక్కి తిప్పుదామని స్టీరింగు పూర్తిగా కోశాను. బండి దడదడమని వణికి, ఎవరో హ్యాండ్ బ్రేకు లాగినట్టు ఆగిపోయింది. అప్పుడు చూశాను, మీటరులో ఫోర్ వీల్ లైటు వెలుగుతోంది.

సరే, టూ హైలోకి తెద్దామని రాడ్ లాగాను. రాలేదు. రెండు చేతులతో లాగాను. నాబ్ ఊడి చేతిలోకొచ్చింది. రాడ్ మాత్రం ఉన్నచోటే ఉంది. టీ తాగేవాళ్లంతా నన్నే చూస్తున్నారు. గ్లాసు పట్టుకున్న సర్వీసు జీపు డ్రైవరొకాయన నింపాదిగా వచ్చి అన్నాడు: “లాగకు బాబూ, ఇరిగిపోద్ది. స్టీరింగు సూటిగా పెట్టి పది గజాలు ఎనక్కెళ్లు.” వెళ్లాను. ఇంకా సగం దూరం పోకముందే కింద ‘టక్’ మని చప్పుడైంది. వేలితో తోస్తే రాడ్ వెన్నలా జరిగింది.

ఎందుకలా అయిందో ఆయనే చెప్పాడు, కుప్పనూర్పుళ్ల లెక్కలో. గుంజకి ఎద్దుల్ని వరసగా బంతి కట్టి తోలితే గుంజ దగ్గరి ఎద్దు ఉన్నచోటే తిరుగుతుంది, చివరి ఎద్దు పెద్ద చుట్టు చుట్టాలి. మలుపులో ముందు చక్రాలు పెద్ద చుట్టు, వెనక చక్రాలు చిన్న చుట్టు. నా బండిలాంటి పార్ట్ టైమ్ బండిలో, అంటే కావాలన్నప్పుడే ఫోర్ వీల్ వేసుకునే బండిలో, ఫోర్ వీల్ వేశామంటే ముందుకి, వెనక్కి పోయే రెండు షాఫ్టులనూ కలిపి బిగించినట్టే, రెండూ సమంగా తిరగాల్సిందే. బురదలోనో ఇసకలోనో చక్రం కాస్త జారి ఆ తేడా సర్దుకుంటుంది. ఎండిన తారు మీద జారనివ్వదు. ఆ మెలి అంతా షాఫ్టుల్లో, గేర్లలో పేరుకుంటుంది. వెనక్కి పోతే మెలి విడుతుంది. రోజంతా అద్దె జీపు తోలే మనిషికి తెలిసింది, కమీషన్ తీసుకున్నవాడు నాకు చెప్పలేదు.

ఆ సీజనంతా అలాగే తోలి ఉంటాను కాబట్టి ముందు షాఫ్టు క్రాస్, అంటే షాఫ్టు కీలు, పోయింది, ముందు టైర్లు ఒక పక్కే అరిగాయి. బండి కడిగించే రోజు ఇంకో విడ్డూరం బయటపడింది. సన్ వైజర్ వెనక చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో హెచ్చరిక స్టిక్కరు ఉంది: ఎండిన గట్టి రోడ్డు మీద ఫోర్ వీల్ వాడొద్దని. పాత ఓనర్ సరిగ్గా దాని మీదే ఆంజనేయస్వామి బొమ్మ అంటించాడు.

ఇప్పుడు నా పద్ధతి ఇది. తారు, సిమెంటు రోడ్డు అయితే తడిసినా టూ హైయే. వానలో జారితే టైర్లు చూసుకుని స్పీడు తగ్గించాలి గానీ రాడ్ మీద చెయ్యి వెయ్యను. ఫోర్ వీల్ బండి లాగడానికి, ఆపడానికి కాదు. బ్రేకు కొడితే టూ వీల్ బండి ఎంత దూరంలో ఆగుతుందో ఇదీ అంతే. ఘాట్‌లో కొండ మట్టి కొట్టుకొచ్చిన చోట ఫోర్ హై వేసి, ఆ మట్టి దాటగానే తీసేస్తాను. గులకరాళ్ల దారి, ఎర్రమట్టి బురద అయితే ఫోర్ హై, అదీ ఇరుక్కోకముందే. గెడ్డ దాటాలన్నా, పెద్ద రాళ్లెక్కాలన్నా, నిటారు వాలు దిగాలన్నా ఆగి ఫోర్ లో. ఒకసారి బాపట్ల వైపు సముద్రపు ఇసకలో పోవాల్సొచ్చినప్పుడు టైర్లలో గాలి 18 పాయింట్లకి దించి, ఫోర్ హైలో ఎక్కడా ఆపకుండా లాగించాను. మళ్లీ గాలి కొట్టించేదాకా నత్తనడకే.

పైన అంత పొగిడాను గానీ రెండు సంగతులు దాచలేను. గుంతలో ఎదురుమూల చక్రాలు, అంటే ముందు ఎడమది, వెనక కుడిది, గాల్లోకి లేచినప్పుడు ఆ రెండే గిరగిరా తిరిగాయి, నేల మీదున్నవి కదల్లేదు. డిఫ్ లాక్, అంటే ఒకే ఇరుసు మీది రెండు చక్రాలనూ కలిపి తిప్పే తాళం, లేని బండిలో అంతే. చక్రం కింద రాయి పెట్టి బయటపడ్డాను.

రెండోది నల్లరేగడి. మా అత్తగారి ఊరు అద్దంకి వైపు. తుపాను వెళ్లిన మర్నాడు పొలం చూసొద్దామని మా బామ్మర్దిని ఎక్కించుకుని డొంకలోకి దింపాను. ఫోర్ హై, తర్వాత ఫోర్ లో. వంద గజాలు కూడా పోలేదు. ఎర్రమట్టిలో టైరు తిరిగితే మట్టి చిమ్మేస్తుంది, రేగడి అలా కాదు, పట్టుకుంటే వదలదు. గాడుల్లో నిండిపోయి టైరు బోడిగుండైంది. మడ్‌గార్డుల్లోకి కూడా ముద్ద కట్టింది. మా బామ్మర్ది దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని, చుట్టూ ఒక రౌండు వేసి అన్నాడు: “బావా, నాలుగూ తిరుగుతన్నయి. తిరిగి ఏం లాభం?” వాడి ట్రాక్టరే లాగింది. ఆ మాట ఇప్పటికీ ప్రతి పండక్కీ భోజనాల దగ్గర చెప్తాడు.

కొనమంటారా అని మా తమ్ముడు విశాఖ నుంచి అడిగాడు. నువ్వుండేది మధురవాడ, ఏడాదికోసారి అరకు పోతావు, దానికి టూ వీల్ చాలు అన్నాను. వాన రోడ్లకి కావాలంటే మధ్యలో ముందు, వెనక షాఫ్టుల వేగం తేడా సర్దే డిఫరెన్షియల్ ఉండి ఎప్పుడూ నాలుగు చక్రాలూ లాగే బండ్లు వేరే ఉన్నాయి, నేను చెప్పిన తారు రోడ్డు గొడవ వాటికి వర్తించదు, వాటి సంగతి వాడినవాళ్లనే అడగాలి. నాకైతే ఈ రాడ్ లేకపోతే వ్యాపారం లేదు. నాబ్ మళ్లీ సరైనది దొరక్క కరెంటు టేపు చుట్టి వాడుతున్నాను. నేను వెళ్లే ఊళ్లకి ఒక్కొక్కటిగా తారు పడుతోంది. ఇంకా నాలుగు కిలోమీటర్ల మట్టి మిగిలింది. అదీ పడితే అమ్మేస్తానేమో, ఆ బొమ్మ మాత్రం తీసేసి ఇస్తాను.