యాంటీ చీట్ అప్‌డేట్ ఆగిపోయిందా? రిపేర్, రీఇన్‌స్టాల్, ఫార్మాట్: ఏది మేలు?

బతుకమ్మ సెలవుల్లో ఒక సాయంత్రం నయీంనగర్ నుంచి అక్క ఫోన్ చేసింది. "తమ్మీ, నీ అల్లుడు పొద్దున్నుంచి సరిగా తినలేదు. గేమ్ తెరుచుకుంటలేదట, ఒకసారి వచ్చి పో." వెళ్లేసరికి మానిటర్ మీద చిన్న డబ్బా ఉంది, యాంటీ చీట్ అప్‌డేట్ కాలేదని. యాంటీ చీట్ అంటే ఆన్‌లైన్ గేముల్లో మోసం చేసి ఆడేవాళ్లను పట్టుకునే ప్రోగ్రామ్. ఓకే నొక్కితే గేమ్ మూసుకుపోతుంది. మళ్లీ తెరిస్తే మళ్లీ అదే డబ్బా. ముందు రోజు రాత్రి అప్‌డేట్ నడుస్తుండగా వాన పట్టుకుంది, ఆ వెంటే కరెంట్ పోయింది. వాళ్లింట్లో యూపీఎస్ లేదు.

వాడికి అప్పటికే రెండు సలహాలు అందాయి. గేమ్ మొత్తం తీసేసి మళ్లీ వేసుకోమని దోస్తులు చెప్పారు. హనుమకొండలో ఒక షాపులో అడిగితే "ఫార్మాట్ కొట్టాలె, సీపీయూ పట్టుకరా" అన్నారట. "ఏది చెయ్యాలె మామా?" అన్నాడు. రెండూ ఇప్పుడే వద్దు, ముందు యాంటీ చీట్ ఒక్కదాన్నే రిపేర్ చేద్దాం అన్నాను.

ఎందుకంటే యాంటీ చీట్ గేమ్‌లో ఒక ముక్క కాదు. విండోస్‌లో తన సొంత ఫోల్డర్‌తో, వెనకాల నడిచే సొంత సర్వీస్‌తో ఉండే వేరే ప్రోగ్రామ్ అది. వాలొరాంట్ గేమ్‌తో వచ్చే వాన్‌గార్డ్ అనే యాంటీ చీట్‌నే చూడండి. కంప్యూటర్ ఆన్ అవుతున్నప్పుడే దాని డ్రైవర్ (విండోస్ లోలోపల పనిచేసే భాగం) లోడ్ అవుతుంది, ఆ రోజు గేమ్ ఆడినా ఆడకపోయినా. ఫోర్ట్‌నైట్, అపెక్స్ లెజెండ్స్ గేములు వాడే ‘ఈజీ యాంటీ చీట్’ గేమ్‌తోపాటే మొదలవుతుంది, కానీ దానికీ విడిగా సర్వీస్ ఉంటుంది. అందుకే గేమ్ తీసేసినంత మాత్రాన పాడైన యాంటీ చీట్ పోతుందన్న నమ్మకం లేదు. వాలొరాంట్ అన్‌ఇన్‌స్టాల్ చేశాక కూడా వాన్‌గార్డ్‌ను మళ్లీ విడిగా తీసేయాలి. రీఇన్‌స్టాల్ చేసి గంటలు పోగొట్టుకున్నవాళ్లకు మళ్లీ అదే ఎర్రర్ ఎందుకు వస్తుందో ఇక్కడే ఉంది జవాబు.

ఆ గంటల లెక్క కూడా చూడండి. వాడి గేమ్ సైజు 80 జీబీ, ఇంట్లో నెట్ 40 ఎంబీపీఎస్. స్పీడ్ ఒక్క క్షణం తగ్గకుండా వచ్చినా నాలుగున్నర గంటలు. సాయంత్రం పూట వీధి అంతా నెట్ వాడుతుంటే ఎంత పడుతుందో మీకూ తెలుసు. మధ్యలో మళ్లీ కరెంట్ పోతే ఇంకో కథ. మొబైల్ హాట్‌స్పాట్ మీద ఆధారపడేవాళ్లయితే ఆ ఆలోచనే పెట్టుకోవద్దు. గేమ్ ఫైళ్ల మీదే అనుమానం ఉంటే, గేములు కొని దించుకునే స్టీమ్ యాప్‌లో ఫైళ్లను వెరిఫై చేసే ఆప్షన్ ఉంది, అలాంటిదే అయిన ఎపిక్ లాంచర్‌లోనూ ఉంది. పాడైన ఫైళ్లను మాత్రమే అది మళ్లీ దించుతుంది.

ఇక మేం చేసింది. మొదట కంప్యూటర్ రీస్టార్ట్. "పొద్దున్నుంచి నాలుగుసార్లు ఆఫ్ చేసి ఆన్ చేసిన మామా" అన్నాడు వాడు. కానీ విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ అసలు షట్‌డౌన్ కాదు. సిస్టమ్ లోపలి భాగాన్ని డిస్క్ మీద దాచిపెట్టి, మళ్లీ ఆన్ చేసినప్పుడు దాన్నే తెస్తుంది. రీస్టార్ట్ నొక్కితేనే అంతా కొత్తగా మొదలవుతుంది. తర్వాత గేమ్ ఫోల్డర్‌లో యాంటీ చీట్ పేరుతో ఉన్న ఫోల్డర్ తెరిచి, అందులో ఉండే, ఆ ప్రోగ్రామ్‌ను విండోస్‌లో వేసే సెటప్ ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి, అడ్మినిస్ట్రేటర్‌గా రన్ చేశాం. రిపేర్ అన్న బటన్ కనబడింది. నొక్కాక ఆకుపచ్చ గీత చివరిదాకా పోవడానికి నిమిషం కూడా పట్టలేదు. ఇంకోసారి రీస్టార్ట్. గేమ్ తెరుచుకుంది. వాన్‌గార్డ్ అయితే ఈ రిపేర్ బటన్ వెతకక్కర్లేదు. ప్రోగ్రామ్స్ జాబితాలోంచి దాన్ని ఒక్కదాన్నే తీసేసి వాలొరాంట్ తెరిస్తే, అదే మళ్లీ కొత్తది దించుకుని రీస్టార్ట్ అడుగుతుంది.

రిపేర్ పనిచేయని సందర్భాలూ ఉన్నాయి. విండోస్ 11లో వాన్‌గార్డ్ 9001 నంబరు చూపిస్తే ఫైల్ పాడవలేదని అర్థం. టీపీఎం 2.0 (కంప్యూటర్ భద్రతా చిప్), సెక్యూర్ బూట్ (నమ్మదగిన సిస్టమ్‌నే మొదలవనిచ్చే సెట్టింగ్) ఆన్‌లో ఉండాలని అది అడుగుతోంది. అవి విండోస్ కన్నా ముందు నడిచే బయోస్ సెట్టింగుల్లో ఆన్ చేయాల్సినవి, ఎన్నిసార్లు రీఇన్‌స్టాల్ చేసినా రావు. అయితే బయోస్ ముట్టుకునే ముందు, డిస్క్‌కు తాళం వేసే విండోస్ బిట్‌లాకర్ రికవరీ కీ ఎక్కడుందో చూసి పెట్టుకోండి. డిస్క్‌కు ఆ తాళం పడి (ఎన్‌క్రిప్ట్ అయి) ఉంటే, సెక్యూర్ బూట్ మార్చాక ఆ 48 అంకెల కీ అడగొచ్చు. అది దొరక్కపోతే పోయేది గేమ్ ఒక్కటే కాదు. పాత కంప్యూటర్లలో తేదీ కూడా చూడండి. మదర్‌బోర్డు మీది గుండ్రటి బ్యాటరీ అయిపోతే కరెంట్ పోయిన ప్రతిసారి తేదీ వెనక్కి పోతుంది, తేదీ తప్పైతే సర్వర్ సర్టిఫికెట్లు చెల్లక అప్‌డేట్ ఆగిపోతుంది. బ్యాటరీ మార్చుకుంటే సరి.

ఫార్మాట్ మాట వింటేనే నాకు టెన్షన్. అక్క వాళ్ల డెస్క్‌టాప్ మీద పట్టాదారు పాస్‌బుక్ స్కాన్ ఉంది, వీడి పదో తరగతి మెమో ఉంది, మేడారం జాతరలో దిగిన ఫొటోలు ఉన్నాయి. అన్నీ సీ డ్రైవ్‌లోనే, ఇంకెక్కడా కాపీ లేదు. ఒక్క గేమ్ కోసం అవన్నీ పణంగా పెడతామా? పైగా ఫార్మాట్ తర్వాత వేసేది ఒరిజినల్ విండోస్ కాకపోతే కొత్త తలనొప్పి. సిస్టమ్ ఫైళ్లు మార్చిన విండోస్‌ను యాంటీ చీట్ నమ్మదు, కొత్త ఎర్రర్ పెడుతుంది.

అట్లని ఫార్మాట్ ఎప్పుడూ వద్దనను. గేమ్ ఒక్కటే కాదు, వేరే ప్రోగ్రాములూ మూసుకుపోతున్నాయంటే రోగం విండోస్‌లోనే ఉంది. అప్పుడు కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, విండోస్ ఫైళ్లను సరిచేసే ఎస్ఎఫ్‌సీ స్కాన్ నడపండి. అదీ బాగుచేయలేకపోయానంటే, డిజం అనే ఇంకో కమాండ్ ఉంది. ఆ రెండూ చేతులెత్తేశాకే ఫార్మాట్.

ఒక్క పని మాత్రం ఎంత తొందరలో ఉన్నా చేయొద్దు. ఎర్రర్ పేరు వెతికి, ఏదో తెలియని సైట్‌లో దొరికిన డ్రైవర్ ఫైల్ తెచ్చి వేయొద్దు. యాంటీ చీట్ డ్రైవర్ విండోస్ గుండెకాయ దగ్గర పనిచేస్తుంది, ఆ చోట నకిలీది కూర్చుంటే ఇంట్లోవాళ్ల బ్యాంకు పాస్‌వర్డులు కూడా దాని చేతిలో పడొచ్చు. యాంటీవైరస్ పూర్తిగా ఆపేయమనే సలహా కూడా నాకు నచ్చదు. విండోస్ సెక్యూరిటీలో ప్రొటెక్షన్ హిస్టరీ తెరిచి, యాంటీ చీట్ ఫైల్‌ను అదేమైనా ఆపిందా అని చూస్తే చాలు.

చివరికి షాపుకే పోవాల్సి వస్తే, ముందు రోజే డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లు ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. ఒకట్రెండు ఫొటోలు తెరిచి చూసుకోండి, కాపీ నిజంగా అయిందో లేదో. షాపు అతనితో విండోస్ యూఈఎఫ్ఐ మోడ్‌లో (పాత బయోస్‌కు కొత్త రూపం), డిస్క్ జీపీటీగా (దానికి తగ్గ డిస్క్ విభజన పద్ధతి) పెట్టి వేయమని గట్టిగా చెప్పండి. పాత లెగసీ పద్ధతిలో వేస్తే సెక్యూర్ బూట్ ఆన్ కాదు, అప్పుడు ఇంటికొచ్చాక అదే గేమ్ ముందు మళ్లీ కూర్చోవాలి.